ఆ నాలుగు కిలోమీటర్లు ఎటు పోయాయి?

కారున్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు వినబడే ప్రశ్న ఇది: కొన్న కొత్తలో లీటరుకు 18 ఇచ్చిన బండి ఇప్పుడు 14 దాటడం లేదు, ఎందుకని? అడిగిందే తడవుగా జవాబులు వచ్చేస్తాయి. బంకులో కల్తీ జరుగుతోందంటారు ఒకరు. ఎయిర్ ఫిల్టర్ మార్చి చూడమంటారు ఇంకొకరు. ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక అందరి బళ్లూ ఇంతేనంటారు మరొకరు. షెడ్డుకు తీసుకెళితే ప్లగ్గులు, ఫిల్టర్లు, ఆయిలు మార్చి, ఇంజెక్టర్లు కడిగి బిల్లు చేతిలో పెడతారు. మైలేజీ మాత్రం కదలదు. ఈ జవాబుల్లో ఏదీ శుద్ధ అబద్ధం కాదు. కాకపోతే అన్నీ ఒకే నమ్మకం మీద నిలబడ్డాయి. మైలేజీ బండికి పుట్టుకతో వచ్చిన గుణమనీ, అది తగ్గిందంటే బండిలో ఏదో చెడే ఉంటుందనీ అందరూ ముందే ఖాయం చేసుకున్నారు.

మైలేజీ నిజానికి ఒక భాగహారం. తిరిగిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగిస్తే వచ్చే అంకె. కిలోమీటర్లు ఎన్నో ఓడోమీటరు చెబుతుంది, లీటర్లు ఎన్నో బంకు మీటరు చెబుతుంది. ఒక్కో లీటరులో ఎంత శక్తి ఉందో ఇంధనాన్ని బట్టి ఉంటుంది. ఒక్కో కిలోమీటరు నడవడానికి ఎంత శక్తి కావాలో రోడ్డు, వేగం, ఎండ, ట్రాఫిక్ తేలుస్తాయి. ఆ శక్తిని చక్రం దాకా చేర్చే పని ఒక్కటే ఇంజనుది. వీటిలో ఏది మారినా అంకె మారుతుంది. అందుకే తగ్గిన మైలేజీకి కారణం వెతికేటప్పుడు ఇంజన్‌ను అందరికంటే చివర అనుమానించాలన్నది ఈ అధ్యాయంలో చేయబోయే వాదన. వాదన నిలబడుతుందో లేదో చూడటానికి ఒక ఊహా కారును తీసుకుందాం: 2018లో కొన్న చిన్న పెట్రోలు కారు, అప్పుడు 18, ఇప్పుడు 14.

తగ్గిందన్నది నిజమేనా?

"రెండు వేలకు కొట్టిస్తే వారం రావాల్సింది, ఐదు రోజులకే ముల్లు పడిపోయింది" అనేది ఫిర్యాదు అవుతుంది గానీ కొలత కాదు. డాష్‌బోర్డు మీది ముల్లు ట్యాంకులోని తేలే బిరడా చెప్పే ఉజ్జాయింపు మాత్రమే. సరిగ్గా కొలవాలంటే పాత పద్ధతే మేలు. ట్యాంకు నిండా పోయించి, గన్ మొదటిసారి తనంతట తాను ఆగిన చోటే ఆపి, ట్రిప్ మీటరును సున్నా చేయాలి. మళ్లీ పోయించేటప్పుడు అదే బంకులో, వీలైతే అదే గన్‌తో, అదే విధంగా ఆపాలి. ఆటో కట్ ఎప్పుడు పడుతుందనేది పోసే వేగాన్ని బట్టి, బండి నిలబడిన వాలును బట్టి, నురగను బట్టి ఒక లీటరు అటూ ఇటూ అవుతుంది. పది లీటర్లు ఖర్చయ్యాక మళ్లీ నింపితే ఆ ఒక్క లీటరు పొరపాటే పది శాతం తేడా చూపిస్తుంది. మూడు ట్యాంకులు కలిపి వంద లీటర్ల మీద లెక్క కడితే అదే పొరపాటు ఒక శాతానికి దిగుతుంది. ఒక్క ట్యాంకు అంకె చూసి మెకానిక్ దగ్గరికి పరుగెత్తడం తొందరపాటు.

పైనున్న కిలోమీటర్ల అంకె కూడా అంత నిక్కచ్చిది కాదు. ఓడోమీటరు నిజంగా లెక్కపెట్టేది చక్రం తిరిగిన చుట్లను. చుట్టుకు ఎంత దూరమో కంపెనీ ముందే రాసి పెట్టింది. కొత్త టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు, మార్చి తీరవలసిన హద్దు 1.6 మిల్లీమీటర్లు. చిన్న కారు చక్రం వ్యాసార్ధం 28 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి బాగా అరిగిన టైరు కొత్త టైరుకంటే దాదాపు రెండు శాతం చిన్నది. చిన్న చక్రం ఎక్కువ చుట్లు తిరుగుతుంది, మీటరు ఎక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది. నాలుగు టైర్లూ మార్చిన మర్నాటి నుంచి మైలేజీ పడిపోయిందని బాధపడేవారి నష్టంలో ఈ రెండు శాతం కాగితం మీది నష్టమే. పైగా కొత్త టైరుకు మందమైన రబ్బరు ఉంటుంది, దొర్లేటప్పుడు అది నలిగి కొంత శక్తిని వేడిగా పోగొడుతుంది. ఇది మాత్రం నిజమైన నష్టం. అంటే అరిగిన టైర్ల చివరి రోజుల్లో వచ్చిన మైలేజీ బండి అసలు యోగ్యతకంటే కాస్త ఎక్కువగా కనిపించిందన్నమాట. అలంకారం కోసం పెద్ద సైజు టైర్లు వేయించినవారికి ఈ భ్రమ ఇంకా పెద్దది.

ఇక కింద ఉన్న లీటర్లు. బంకు మోసం మీద అనుమానముంటే దాన్ని ఐదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు, ఏళ్ల తరబడి మోయనక్కర్లేదు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలపాత్ర బంకులో ఉండాలి, వినియోగదారు అడిగితే అందులో పోసి చూపాలి. 25 మిల్లీలీటర్ల తేడా వరకు చెల్లుతుంది, అంటే అర శాతం. మన ఊహా కారు నష్టమంతా బంకు నుంచే రావాలంటే ఐదు లీటర్లకు లీటరుకు పైగా కొట్టేయాలి. అంత దొంగతనం కొలపాత్రలో కంటికి కనబడక మానదు. కొలత సరే, సరుకు మాటేమిటి అంటే, ఆ రోజు పెట్రోలు సాంద్రత ఎంతో అక్కడ రాసి ఉంచాలి, హైడ్రోమీటరుతో చూపమని అడగవచ్చు. ఈ రెండూ చేయకుండా బంకును తిట్టడం వల్ల తిట్టినవారికి ఊరట తప్ప ఇంకేమీ రాదు.

కొలత గురించి ఇంకో మాట. మనం లీటరుకు కిలోమీటర్లలో మాట్లాడతాం, ఆ అలవాటు మన అంచనాను తప్పుదారి పట్టిస్తుంది. 20 నుంచి 15కు పడిన బండి, 12 నుంచి 10కి పడిన బండి: ఏది ఎక్కువ నష్టపోయింది? మొదటిదే అనిపిస్తుంది. వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని తిప్పి లెక్కపెడితే మొదటిది 5 నుంచి 6.67కు, రెండోది 8.33 నుంచి 10కి చేరాయి. రెండూ వంద కిలోమీటర్లకు 1.67 లీటర్లే అదనంగా తాగుతున్నాయి. డ్యూక్ విశ్వవిద్యాలయంలోని రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 2008లో సైన్స్ పత్రికలో ఈ భ్రమను గురించే రాశారు. జనం మైలేజీ అంకెల తేడాను నేరుగా ఇంధనం తేడాగా తీసుకుని తప్పు నిర్ణయాలు చేస్తున్నారని చూపించారు. కారణాలు వెతికేటప్పుడు తిప్పిన లెక్కే పనికొస్తుంది, ఎందుకంటే అదనంగా ఖర్చయిన లీటర్లను ముక్కలు చేసి ఏ ముక్క ఎక్కడికి పోయిందో చెప్పవచ్చు. మన ఊహా కారు వంద కిలోమీటర్లకు 5.56 లీటర్ల నుంచి 7.14 లీటర్లకు ఎక్కింది. తేలవలసింది సుమారు 1.6 లీటర్ల సంగతి.

కంపెనీ ప్రకటనలోని అంకెతో పోల్చి బెంగపడేవారికి ఒక్క వాక్యం చాలు: ఆ పరీక్ష గదిలో, రోలర్ల మీద, ఏసీ ఆపి, ఇరవై నిమిషాల లోపు, గంటకు 90 కిలోమీటర్లు దాటకుండా జరుగుతుంది, ఒక కారును మరో కారుతో పోల్చుకోవడానికి తప్ప మీ రోడ్డు మీద మీకు ఎంత రావాలో చెప్పడానికి అది పుట్టలేదు.

గంటలకు తాగేది, కిలోమీటర్లకు తాగేది

పెట్రోలులోని శక్తిలో చక్రాల దాకా చేరేది తోలే తీరును బట్టి 12 నుంచి 30 శాతమేనని అమెరికా ఇంధన శాఖ లెక్క. మిగిలినదాంట్లో చాలా భాగం రేడియేటరు నుంచి, సైలెన్సర్ నుంచి వేడిగా పోతుంది. చేరిన ఆ కాస్తలోంచే టైర్ల నలుగుడుకు, ఎదురుగాలికి, బ్రేకు వేసిన ప్రతిసారీ వేడిగా మారిపోయే వేగానికి ఇవ్వాలి. హైవే మీద పెత్తనం గాలిది. వేగం రెట్టింపయితే గాలి అడ్డగింపు నాలుగు రెట్లవుతుంది. హైదరాబాదు అవుటర్ రింగ్ రోడ్డు మీద వేగ పరిమితిని 2023లో గంటకు 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. ఆ ఇరవై కిలోమీటర్ల తేడాకే గాలి అడ్డగింపు 44 శాతం పెరుగుతుంది. బరువు ఎక్కువ పడినప్పుడు ఇంజన్ కాస్త పొదుపుగా పనిచేస్తుంది కాబట్టి పెట్రోలు ఖర్చు అదే నిష్పత్తిలో పెరగదు గానీ, పాత పరిమితిలో వచ్చిన మైలేజీ కొత్త పరిమితిలో రాదు. ఇందులో బండి తప్పేమీ లేదు.

ఊళ్లో తిరిగేవారికి గాలి లెక్కలోకి రాదు. అక్కడ పెత్తనం గడియారానిది. సాధారణంగా పట్టించుకోనిది ఇదే కాబట్టి కాస్త ఆగి చూద్దాం. టైరు నలుగుడు దూరాన్ని బట్టి ఖర్చవుతుంది: వంద కిలోమీటర్లు రెండు గంటల్లో వెళ్లినా ఐదు గంటల్లో వెళ్లినా దాదాపు అంతే. ఏసీ అలా కాదు. బండి కదిలినా కదలకపోయినా కంప్రెసర్ గంటకు ఇంత అని తీసుకుంటుంది. నిలబడి తిరుగుతున్న ఇంజనూ అంతే. ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర నిలబడ్డ చిన్న పెట్రోలు కారు గంటకు అర లీటరు నుంచి లీటరు వరకు తాగుతుంది. ఈ గంటల ఖర్చును కిలోమీటర్ల మీద పంచినప్పుడు సగటు వేగం ఎంత తగ్గితే ఒక్కో కిలోమీటరు వాటా అంత పెరుగుతుంది. ఆఫీసు దారిలో ఫ్లైఓవర్ పని మొదలై సగటు వేగం 25 నుంచి 20కి పడిందనుకోండి. వంద కిలోమీటర్లకు నాలుగు గంటలు పట్టేది ఐదు పడుతుంది. ఆ అదనపు గంటకు ముప్పావు లీటరు వేసుకుంటే మన ఊహా కారు పోగొట్టుకున్న 1.6 లీటర్లలో దాదాపు సగం ఇక్కడే దొరికింది. "నేను రోజూ తిరిగే రోడ్డు మారలేదు" అనే అభ్యంతరానికి జవాబు కూడా ఇదే: రోడ్డు మారలేదు, గంటలు మారాయి. ఈ కాలపు బళ్లలో చాలావాటికి సగటు వేగం చూపించే తెర ఉంటుంది. మైలేజీ రాసుకునేవారు పక్కనే ఆ అంకెనూ రాసుకుంటే సగం అనుమానాలు పుట్టకముందే తీరిపోతాయి.

రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపి ఉంచిన కారు ఎక్కి మూడు కిలోమీటర్లు వెళ్లి దిగేవారి సంగతి ఇంకా కష్టం. నిప్పుల కొలిమిలా ఉన్న లోపలి గాలిని చల్లబరచడానికి ఏసీ తన శక్తినంతా పెడుతుంది, చల్లబడేసరికి ఊరు వచ్చేస్తుంది. తీవ్రమైన ఎండలో, ముఖ్యంగా చిన్న ప్రయాణాల్లో, ఏసీ వల్ల మైలేజీ 25 శాతానికి పైగా పడిపోవచ్చని అదే అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. చిన్న ప్రయాణాలకు ఏసీ లేకపోయినా నష్టం తప్పదు. ఇంజన్ వేడెక్కే లోపు పెట్రోలు ఎక్కువ పోస్తేనే సాఫీగా నడుస్తుంది, ఆయిలు చిక్కగా ఉండి రాపిడి పెరుగుతుంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిల్ బళ్లలో ఇంకో ఖర్చు కలుస్తుంది: పొగలోని మసిని పట్టే జల్లెడను అప్పుడప్పుడు అదనపు డీజిల్‌తో కాల్చి శుభ్రం చేసుకోవాలి, ఊళ్లోనే తిరిగే బండికి ఆ పని మరీ తరచుగా పడుతుంది. ఇంట్లో పిల్లల బడి మారి, రోజూ ఒకసారి ఇరవై కిలోమీటర్లు తిరిగే కారు నాలుగుసార్లు ఐదేసి కిలోమీటర్లు తిరగడం మొదలుపెడితే మొత్తం దూరం అంతే, మైలేజీ మాత్రం వేరు.

టైర్లలో గాలి గురించి అందరూ చెప్పే సలహా మంచిదే గానీ దాని ప్రభావాన్ని గోరంతలు కొండంతలు చేస్తారు. నాలుగు చక్రాల్లోనూ సగటున ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం తగ్గుతుంది. 33 ఉండాల్సింది 25కు పడినా పోయేది 1.6 శాతమే, మన కారుకు 0.1 లీటరు. గాలి సరిగా కొట్టించుకోవలసింది ముఖ్యంగా టైరు పేలకుండా ఉండటానికి. నాలుగు కిలోమీటర్లు పోయాయంటే టైరు గాలి ఒక్కటే కారణమని చెప్పే సలహాదారును నమ్మకండి.

లీటరులోనే తేడా ఉంటే

పెట్రోలు లీటరులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది, ఇథనాల్ లీటరులో సుమారు 21. మూడో వంతు తక్కువ. ఇథనాల్ అణువులో ముందే ఒక ఆక్సిజన్ పరమాణువు కూర్చుని ఉంది. మండటమంటే ఆక్సిజన్‌తో కలవడమే కదా, ఆ పనిలో కొంత భాగం సిలిండరులోకి రాకముందే అయిపోయింది. అయిపోయిన మేరకు సిలిండరులో పుట్టే వేడి తగ్గుతుంది. 2013-14లో మన దేశపు పెట్రోలులో ఇథనాల్ సగటున ఒకటిన్నర శాతం. 2018-19కి 5 శాతం, 2022 జూన్‌కు 10, 2025లో 20. పదేళ్ల కిందటి లీటరూ ఇప్పటి లీటరూ పేరుకు ఒకటే, లోపలి శక్తి ఒకటి కాదు. శుద్ధ పెట్రోలుతో పోలిస్తే 20 శాతం మిశ్రమంలో శక్తి దాదాపు 7 శాతం తక్కువ. 10 శాతం మిశ్రమంతో పోలిస్తే మూడున్నర శాతం తక్కువ. 5 నుంచి 20కి మారిన మన ఊహా కారుకు వంద కిలోమీటర్లకు 0.3 లీటరు అదనపు ఖర్చు ఇక్కడ తేలింది.

దీని మీద రెండు వైపుల నుంచీ గట్టి అభ్యంతరాలు వస్తాయి. నష్టం నామమాత్రమే అంటుంది సర్కారు పక్షం. 2021లో నీతి ఆయోగ్ ప్రచురించిన ఇథనాల్ ప్రణాళికలో ఉన్న అంకెలు ఇవి: శుద్ధ పెట్రోలుకు రూపొందించి 10 శాతానికి సర్దిన కార్లకు 20 శాతం మిశ్రమంతో 6 నుంచి 7 శాతం నష్టం, 10 శాతానికి రూపొందించి 20కి సర్దిన కార్లకు 1 నుంచి 2 శాతం. చర్చల్లో ఎక్కువగా వినబడేది ఆ రెండో అంకె. రోడ్డు మీదున్న పాత బళ్లకు వర్తించేది మొదటిది. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ, దాన్ని గట్టిగా నొక్కి మండించవచ్చు, అందువల్ల కొంత శక్తి తిరిగి వస్తుందన్నది నిజమే. అయితే అలా నొక్కేలా కట్టిన ఇంజనుకే ఆ లాభం దక్కుతుంది. పాత ఇంజన్ పిస్టన్లు ఇంధనాన్ని చూసి తమ నొక్కుడు పెంచుకోవు. బ్రెజిల్‌లో ఎప్పటినుంచో ఇంతకంటే ఎక్కువ కలుపుతున్నారనేది ఇంకో వాదన. అక్కడ 2003 నుంచి ఏ పాళ్లలోనైనా నడిచే కార్లు అమ్ముతున్నారు. అయినా అక్కడి జనం శక్తి తేడాను మరచిపోలేదు: ఇథనాల్ ధర పెట్రోలు ధరలో 70 శాతం కంటే తక్కువగా ఉంటేనే అది పోయించుకోవడం లాభమని అక్కడ వాడుకలో ఉన్న లెక్క. లీటరు ఇథనాల్ ఇచ్చే దూరం అంతే మరి.

రెండో పక్షం వారు 20 శాతం మిశ్రమం వచ్చాక మైలేజీ 20, 25 శాతం పడిపోయిందంటారు. రసాయన శాస్త్రం అంత తేడాను ఒప్పుకోదు. పూర్తిగా ఇథనాల్ పోస్తేనే మూడో వంతు పోతుంది. అయిదో వంతు పోస్తే పోయేది అందులో అయిదో వంతు. అంత పెద్ద తగ్గుదల నిజంగా కొలిచి చూసినదే అయితే మిగిలిన భాగానికి వేరే కారణం ఉండి తీరాలి. ఆ కారణం ఇథనాల్‌తో బంధుత్వం ఉన్నదే కావచ్చు కూడా. పాత ట్యాంకు గోడలకు అంటిన మడ్డిని ఇథనాల్ ఊడదీసి ఫిల్టర్‌కు చేర్చగలదు, తేమను పీల్చుకుంటుంది, దానికి సరిపడని పాత రబ్బరు గొట్టాలను పాడుచేయగలదు. అలాంటి చోట్ల బాగుచేయవలసిన వస్తువు ఒకటి దొరుకుతుంది. "అంతా ఇథనాల్ మహిమే" అని వదిలేస్తే అది దొరకదు.

ఇంజన్ రుచి చూసుకునే విధం

ఇప్పటికి 1.6 లీటర్లలో ట్రాఫిక్‌కు ముప్పావు, ఇథనాల్‌కు 0.3, గాలి తగ్గిన టైర్లకు 0.1, కొత్త టైర్ల ఓడోమీటరు తేడాకు ఇంకో 0.1 పోయాయి. అన్నీ ఒకే బండికి ఒకేసారి జరగాలని లేదు గానీ ఆరేడేళ్ల బండికి జరగడం వింతా కాదు. మిగిలింది 0.35 లీటరు. ఇంజన్ మూత ఎత్తవలసింది ఈ మిగులు కోసం. ఇది అన్నిసార్లూ ఇంత చిన్నగా ఉండదని కూడా ఒప్పుకోవాలి. నెలల తరబడి మెల్లగా జారిన మైలేజీకీ, ఒక వారంలో దబ్బున పడిన మైలేజీకీ తేడా ఉంది. ఫ్లైఓవర్ పని, కొత్త టైర్లు లాంటి బయటి మార్పులేవీ లేకుండా దబ్బున పడితే మొదటి అనుమానం బండి మీదికే వెళ్లాలి.

ముందుగా ఎయిర్ ఫిల్టర్ కథ తేల్చేద్దాం. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో ఫిల్టర్లను కావాలని మూసుకుపోయేలా చేసి కార్లను పరీక్షించింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న పెట్రోలు కార్లలో మైలేజీ చెప్పుకోదగ్గంత తగ్గలేదు, పికప్ మాత్రం తగ్గింది. పాత కార్బొరేటర్ బళ్లలో ఫిల్టర్ మూసుకుంటే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరిగేది, నల్లపొగ వచ్చేది. సలహా ఆ కాలానిది, బళ్లు మారినా సలహా మిగిలిపోయింది. ఇప్పటి బండి లోపలికి వచ్చిన గాలిని కొలిచి, దానికి తగినంత పెట్రోలే చిమ్ముతుంది. దుమ్ము లోపలికి పోతే సిలిండరు అరుగుతుంది కాబట్టి ఫిల్టర్ మార్చవలసిందే, మైలేజీ వస్తుందన్న ఆశతో మాత్రం కాదు.

ఆ "తగినంత" ఎంతో ఎలా తెలుస్తుంది? కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. పొగ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ మండగా మిగిలిన ఆక్సిజన్‌ను చూసి కంప్యూటరుకు కబురు చెబుతుంది. 1976లో వోల్వో కార్లలో మొదటిసారి వచ్చిన ఈ చిన్న పరికరమే ఇప్పటి ఇంజన్లకు ఆధారం. పెళ్లి వంటల్లో వంటమనిషి గరిటెతో ఒక చుక్క పులుసు అరచేతిలో వేసుకుని నాలుకకు తాకించి, చప్పగా ఉంటే గుండిగలో ఇంకాస్త ఉప్పు వేయిస్తాడు. ఇంజన్ సెకనుకు ఎన్నోసార్లు చేసే పని అదే: ఆక్సిజన్ మిగిలితే పెట్రోలు చాలలేదని ఇంకాస్త పోస్తుంది, మిగలకపోతే తగ్గిస్తుంది. వంటమనిషికి జలుబు చేసి నాలుక మొద్దుబారితే ఎంత ఉప్పు వేసినా చప్పగానే తోచి వేస్తూనే ఉంటాడు. వయసు మీరిన సెన్సర్ సరిగ్గా ఇలాగే చేయగలదు. ఆక్సిజన్ సెన్సర్ లాంటి పెద్ద లోపాన్ని సరిచేస్తే మైలేజీ 40 శాతం దాకా మెరుగుపడవచ్చని అమెరికా ప్రభుత్వ లెక్క. నాలుక బాగానే ఉన్నా అరచేతిలోని చుక్కలో ఎవరో నీళ్లు కలిపితే? సెన్సర్ కంటే ముందు పొగ గొట్టానికి సన్నని పగులు ఉంటే బయటి గాలి లోపలికి చొరబడుతుంది. సెన్సర్ ఆ ఆక్సిజన్‌ను చూసి పెట్రోలు తక్కువైందని చెబుతుంది. అరిగిన ప్లగ్గు సంగతీ అంతే: మంట రాజుకోని సిలిండరు నుంచి వాడని ఆక్సిజన్ బయటికి వస్తుంది, కంప్యూటరు మోసపోయి మిగతా సిలిండర్లన్నిటికీ పెట్రోలు పెంచుతుంది. ఒక ప్లగ్గు చేసిన నష్టం నాలుగు చోట్ల కట్టాల్సి వస్తుంది.

ఇందులో మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. కంప్యూటరు తాను చేసిన సవరింపునంతా రాసి పెట్టుకుంటుంది. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే ఫ్యూయల్ ట్రిమ్ పేరుతో ఆ సవరింపు శాతాల్లో కనిపిస్తుంది. సున్నాకు అటూ ఇటూ పది లోపు ఉంటే మామూలు. 10 శాతం మిశ్రమానికి సర్దిన బండిలో 20 శాతం పోస్తే అంకె నాలుగు శాతం దాకా పైకి జరగడం సహజం, అది రోగం కాదు. ఇరవై పైన ఉంటే మాత్రం ఎక్కడో గాలి చొరబడుతోంది, లేదా సెన్సర్ తప్పు చెబుతోంది, లేదా పెట్రోలు పంపు నీరసించింది. మైనస్ పదిహేను కిందికి దిగితే అడగకుండానే పెట్రోలు కారుతోంది. అదే తెర మీద ఇంజన్ వేడి కూడా చూడాలి. అరగంట నడిచాక 90 డిగ్రీల దరిదాపుల్లో ఉండాల్సింది 70 దాటకపోతే థర్మోస్టాట్ తెరుచుకుని బిగుసుకుపోయిందని అర్థం. అప్పుడు ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకని పీకి పక్కన పడేసే షెడ్లు ఇదే నష్టాన్ని కూలి తీసుకుని మరీ చేసిపెడతాయి. చెక్ ఇంజన్ దీపం వెలగలేదు కాబట్టి అంతా బాగుందని అనుకోవడానికి లేదు: గీత దాటిన లోపానికే దీపం వెలుగుతుంది, గీత ఇవతల నెలల తరబడి పెట్రోలు పోవచ్చు.

దొర్లనిచ్చి చూడటం

స్కానర్ అంకెలన్నీ బాగుంటే ఇంజన్ నిర్దోషి, అది ఇచ్చిన శక్తిని దారిలో ఎవరో తినేస్తున్నారు. దీన్ని పట్టుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఉంది. ఖాళీగా, సమతలంగా ఉన్న రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంలో, ఇంజన్ ఆపకుండా, గేరు న్యూట్రల్ చేసి బండిని దానంతట దాన్ని ఆగనివ్వాలి. ఎంత దూరం దొర్లిందో చూసి అదే రోడ్డు మీద వెనక్కి తిరిగి మళ్లీ చేయాలి, వాలూ గాలీ రెండు వైపులా కొట్టుకుపోతాయి. ఆరోగ్యంగా ఉన్న కారు కొన్ని వందల మీటర్లు దొర్లుతుంది. మైలేజీ పరీక్షలు చేసే ప్రయోగశాలలు రోలర్ల మీద ఎంత బరువు పెట్టాలో తేల్చుకునేది కూడా ఇలాంటి దొర్లుడు పరీక్షతోనే, వాళ్ల పనిముట్లు వేరు అంతే. అదే రకం కారు మరొకటి దొరికి అది వంద మీటర్లు ఎక్కువ దొర్లిందంటే బ్రేకులో, బేరింగులో, అలైన్‌మెంటులో వెతకాలి. బ్రేకులు ఎక్కువ వాడకుండా కాసేపు తిప్పి ఆపి, ఒక్కో చక్రం దగ్గర చెయ్యి ఆనించకుండా పెట్టి చూస్తే, పట్టేసిన బ్రేకు మిగతావాటికంటే వేడిగా తగులుతుంది. పూర్తిగా వదలని హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలను ఇలాగే కాలుస్తుంది. క్లచ్ జారుతుంటే గుర్తు వేరు: ఎత్తెక్కేటప్పుడు ఇంజన్ మోత పెరుగుతుంది, వేగం పెరగదు.

ఇవన్నీ దాటాక కూడా లెక్కకు రానిది మిగిలితే అప్పుడు ఇంజన్ అరుగుదల మాట. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండరులో కంప్రెషన్ కొలిపించాలి. ఒకదానిలో ఒత్తిడి మిగతావాటికంటే బాగా తక్కువగా ఉంటే అందులోకి ఒక చెంచా ఇంజన్ ఆయిలు పోసి మళ్లీ కొలవమనండి. ఆయిలు పిస్టన్ చుట్టూ సందు మూస్తుంది కాబట్టి అంకె పెరిగితే పోయినవి రింగులు, పెరగకపోతే వాల్వులు. హెడ్ ఒక్కటి దించితే సరిపోతుందా, ఇంజనంతా విప్పాలా అనేది ఆ రెండో కొలత చెప్పాకే మెకానిక్‌తో బేరమాడాల్సిన విషయం.